మే నెలలోనే సెలవు తీసుకున్న వేసవి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ జూలై సంచికకు వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా 2025 వేసవి గురించే ఉన్నాయి. ఎండలు తప్పాయని సంతోషించినవారు ఉన్నారు, ఆ ఎండలు లేక నష్టపోయామన్నవారు ఉన్నారు, పంచాంగాన్ని తప్పు పట్టినవారు కూడా ఉన్నారు. ఒకే రకం ప్రశ్నలను కలిపి, పేర్లు వదిలి ఊళ్ల పేర్లు మాత్రం ఉంచి జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మే మూడో వారం నుంచే మబ్బులు కమ్ముకొని, రోహిణీ కార్తె ఎండలు చూడకుండానే వానలు వచ్చేశాయి. నా డెబ్బై ఏళ్లలో ఇంత తొందరగా ముగిసిన వేసవి నాకు గుర్తు లేదు. ఇది నిజంగా అరుదైన విషయమేనా, లేక నా మతిమరుపా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, కర్నూలు

జవాబు: మీ జ్ఞాపకం చాలావరకు సరైనదే, దగ్గరి ఏడాది ఒకటి మాత్రం జారిపోయింది. నైరుతి రుతుపవనాలు కేరళను తాకే మామూలు తేదీ జూన్ 1 కాగా, ఈ సంవత్సరం అవి మే 24నే తాకాయి. అంతకన్నా ముందుగా చివరిసారి వచ్చింది 2009లో, మే 23న. అంటే పదహారేళ్ల కిందట మీరు ఇలాంటి వేసవినే చూశారు. కాకపోతే ఆ ఏడు రుతుపవనాలు తొందరగా వచ్చినా తరువాత వానలు బాగా ముఖం చాటేసి దేశమంతా కరువు పాలైంది కాబట్టి, జనానికి కరువు గుర్తుండి ముందస్తు వాన మరుగున పడిపోయింది. ఈసారి కేరళను తాకిన రెండు రోజులకే, మే 26న, మీ రాయలసీమలోకి గాలి ప్రవేశించింది. అదే రోజు ముంబయికి చేరింది. ముంబయి వరకు అయితే 1950 నుంచి ఉన్న లెక్కల్లో ఇంత ముందుగా వచ్చిన సందర్భం మరొకటి లేదు. మే నెల మొత్తానికి దేశంలో కురిసిన సగటు వాన 126.7 మిల్లీమీటర్లు, ఇది మామూలుగా పడే దానికి రెట్టింపు, 1901 నుంచి ఏ మే నెలలోనూ ఇంత పడలేదు.

ఇంత హడావుడికి దగ్గరి కారణం అరేబియా సముద్రం. మే మూడో వారం చివర కొంకణ తీరానికి ఎదురుగా ఏర్పడిన అల్పపీడనం బలపడి వాయుగుండంగా మారి, సరిగ్గా మే 24నే రత్నగిరి దగ్గర తీరం దాటింది. భూమధ్యరేఖ అవతలి నుంచి వచ్చే తేమగాలిని అలాంటి గుండం తన వైపు లాగుతుంది. రుతుపవనాల గాలి ఎలాగూ ఆ దారినే రావలసినది కాబట్టి దాని వెంట పరుగెత్తుకొచ్చింది.

అయితే మీ ప్రశ్నలో ఉన్న ‘తొందరగా ముగిసింది’ అన్న మాటను నేను కొంచెం సవరిస్తాను. చలి శివరాత్రికి శివశివా అంటూ వెళ్లిపోతుందని మనం అనుకుంటాం. ఈ ఏడు శివరాత్రి ఫిబ్రవరి 26న వచ్చింది. చలి అంతవరకు ఆగనే లేదు. 1901 నుంచి చూస్తే దేశం మొత్తానికి అత్యంత వెచ్చని ఫిబ్రవరి ఈ సంవత్సరానిదే. దుప్పట్లు మడిచి అటక మీద పెట్టి ఫ్యాన్లు తిప్పడం మొదలుపెట్టిన రోజు నుంచి లెక్క వేసుకుంటే వేసవి కుదించుకుపోలేదని, ముందుకు జరిగిందని అర్థమవుతుంది. చివరి భాగం తెగిపోయింది కాబట్టి, మొదట్లో అదనంగా వచ్చిన వారాలు మనకు లెక్కలోకి రావడం లేదు.

ప్రశ్న: ఎండలు తగ్గాయని పట్నం వాళ్లందరూ సంబరపడ్డారు. కొనుగోలు కేంద్రంలో మా ధాన్యం రాశి పోసి పద్దెనిమిది రోజులు కాపలా కాశాము. మూడుసార్లు తడిసింది, మూడుసార్లు ఆరబోశాము. మా బాధ ఎవరికీ ఎందుకు పట్టదు?
– యాసంగి వరి రైతు, నల్గొండ జిల్లా

జవాబు: మీ ఉత్తరాన్ని నేను రెండుసార్లు చదివాను. వేసవిని ఎలాగో ఒకలాగ తప్పించుకోవలసిన కాలంగా చూసేది నీడ పట్టున పని చేసే మాలాంటివారే. తెలుగు పల్లెలో వేసవి అంటే ఎండను కూలీగా పెట్టుకొని పని చేయించుకొనే కాలం. యాసంగి ధాన్యం, దాళ్వా ధాన్యం, కల్లాల్లో ఎర్రగా పరిచిన మిరపకాయలు, ఉడకబెట్టి ఆరబోసిన పసుపు కొమ్ములు, గింజ తీసిన చింతపండు, ఇంటి మిద్దె మీద వడియాలు, ఒరుగులు, అప్పడాలు, ఇవన్నీ ఏప్రిల్, మే నెలల ఎండను నమ్ముకొనే సాగుతాయి. ఆ ఎండకు కూలి ఇవ్వనక్కర లేదు కాబట్టి అది రాని రోజున ఎంత నష్టమో ఎవరి పద్దులోనూ కనిపించదు.

ధాన్యం కొనుగోలుకు తేమ 17 శాతం మించకూడదన్నది నిబంధన. హార్వెస్టరుతో కోసిన పచ్చి ధాన్యంలో తేమ అంతకన్నా ఎక్కువే ఉంటుంది. మంచి ఎండ కాస్తే పలచగా పోసి, పూటకు రెండుసార్లు కాలితో దున్నినట్టు తిరగేస్తే మూడు నాలుగు రోజుల్లో దారికి వస్తుంది. మబ్బు పట్టిన రోజున పొద్దంతా కష్టపడినా తేమ కొలిచే యంత్రంలో అంకె కదలదు. రాత్రి గాలివానకు టార్పాలిన్ ఎగిరిపోతే మొదటికి వస్తుంది. అంతకన్నా లోతైన నష్టం మరొకటి ఉంది. ఒకసారి బాగా ఎండిన గింజ మళ్లీ తడిసినప్పుడు పైపొర నీటిని పీల్చుకొని ఉబ్బుతుంది, లోపలి భాగం ఇంకా పొడిగానే ఉంటుంది. ఆ లాగుడుకు గింజలో కంటికి కనిపించని పగుళ్లు పడతాయి. పైకి మామూలుగానే ఉన్న ఆ ధాన్యం మరలో పడ్డాక నూకలవుతుంది. అందుకే మిల్లరు తరుగు అడుగుతాడు. రైతుకు అది అన్యాయంగా కనిపిస్తుంది, మిల్లరుకు లెక్కగా కనిపిస్తుంది, ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. నిజానికి తప్పంతా ఆరబెట్టే పనిని పూర్తిగా ఆకాశానికి వదిలేసిన ఏర్పాటుది. మే నెలలో వానలు పడతాయని తెలిశాక కూడా కొనుగోలు కేంద్రాల్లో ధాన్యం ఆరబెట్టే యంత్రాలు, సిమెంటు కల్లాలు, రేకుల కప్పులు అరుదుగానే కనిపిస్తున్నాయి.

మిరప కల్లాల సంగతి కూడా ఇంతే. చివరి కోత కాయ రెండు వానలకు తడిస్తే తెల్లబడి తాలు కాయగా మారుతుంది. అదే బస్తాలోని ఎర్రకాయకు పలికే ధరలో తాలుకు సగం వచ్చినా గొప్పే.

ప్రశ్న: రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఈసారి రోహిణి మొదలైన మరునాడే వానలు! ఋతువులు తప్పాయా, పంచాంగం తప్పిందా?
– పౌరోహిత్యం చేసుకొనే పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: పంచాంగం తప్పలేదు, ఎందుకంటే అది వాతావరణం గురించి హామీ ఏదీ ఇవ్వలేదు. సూర్యుడు ఏ నక్షత్రంలో ఉన్నాడన్నదే కార్తె. ఇరవై ఏడు నక్షత్రాలకు ఏడాది పంచితే ఒక్కొక్క కార్తెకు పదమూడు పద్నాలుగు రోజులు వస్తాయి. ఈ సంవత్సరం మే 25న సూర్యుడు రోహిణిలో ప్రవేశించాడు, ప్రవేశించవలసిన రోజునే ప్రవేశించాడు. రోళ్లు పగలడం అన్నది ఆ రోజుల్లో సాధారణంగా కాసే ఎండను చూసి రైతులు కట్టిన సామెత.

మీ వృత్తికి దగ్గరి విషయం కాబట్టి మరొక మాట చెప్పాలి. కార్తెలు నక్షత్రాలను బట్టి నడుస్తాయి, ఋతువులు సూర్యుడి ఉత్తర దక్షిణ గమనాన్ని బట్టి నడుస్తాయి. ఈ రెండు సంవత్సరాల మధ్య సుమారు ఇరవై నిమిషాల తేడా ఉంది. అది పోగుపడి డెబ్బై రెండేళ్లకు ఒక రోజు అవుతుంది. అంటే అయిదు వందల ఏళ్ల కిందట ఎవరైనా ఈ సామెత అని ఉంటే, ఆనాటి రోహిణి ఋతువు లెక్కలో ఇప్పటికన్నా వారం రోజుల ముందే వచ్చి ఉండాలి. వేసవి నడిమిలో పుట్టిన సామెత మెల్లమెల్లగా వేసవి అంచుకు జరుగుతూ వచ్చిందన్నమాట. ఇది ఈ ఒక్క ఏటి ముందస్తు వానకు కారణం కాదు గాని, కార్తెల సామెతలను గడియారంలా వాడుకోకూడదనడానికి చాలినంత కారణం.

ఇక వేసవి వానలు కొత్తవన్న భ్రమ కూడా మన సామెతలే పోగొడతాయి. ‘అశ్వని కురిస్తే అంతా నష్టం’ అన్నారు, ‘భరణి కురిస్తే ధరణి పండును’ అన్నారు. అశ్వని అంటే ఏప్రిల్ రెండో పక్షం, భరణి అంటే ఏప్రిల్ చివర, మే మొదలు. కురవని వానకు ఎవరూ సామెత కట్టరు. పైగా చూడండి, పదిహేను రోజుల తేడాలో అదే వాన నష్టం కాస్తా లాభమైంది: మొదటిది కల్లంలో ఉన్న పంట మీద పడేది, రెండోది ఖాళీ అయిన చేలో దుక్కికి పనికొచ్చేది.

ప్రశ్న: వేసవిలో పడే వానకు, రుతుపవనాల వానకు తేడా ఏమిటి? ‘ఇవాళ రుతుపవనాలు వచ్చాయి’ అని ఎలా నిర్ణయిస్తారు?
– ఇంటర్మీడియట్ విద్యార్థిని, ఖమ్మం

జవాబు: వేసవి వాన స్థానికమైనది. పగలంతా నేల కాగి, దాని మీది గాలి పైకి లేస్తుంది. అదే సమయానికి బంగాళాఖాతం నుంచి తేమ వస్తూ, విదర్భ నుంచి తెలంగాణ మీదుగా దక్షిణాదికి ఒక ద్రోణి, అంటే గాలి పీడనం తక్కువగా ఉన్న పొడుగాటి పట్టీ, సాగి ఉంటే, మధ్యాహ్నం మూడు దాటాక మబ్బు కోటలా పెరుగుతుంది. ఈదురుగాలి, ఉరుము, పిడుగు, గంటసేపు కుండపోత, ఆపైన నక్షత్రాలు. పక్క ఊరికి చినుకు ఉండదు. రుతుపవనాల వానకు అంత ఆర్భాటం ఉండదు. గాలి నైరుతి నుంచి రోజుల తరబడి నిలకడగా వీస్తూ, ఆకాశమంతా ఒకే బూడిద రంగు పరుచుకొని, పగలు రాత్రి తేడా లేకుండా కురుస్తుంది.

భారత వాతావరణ శాఖ కేరళ ప్రవేశాన్ని ప్రకటించడానికి మూడు షరతులు చూస్తుంది. మే 10 తరువాత, ఎంపిక చేసిన 14 కేంద్రాల్లో కనీసం 60 శాతం చోట్ల వరుసగా రెండు రోజులు 2.5 మిల్లీమీటర్లు, లేదా అంతకు మించి వాన పడాలి. పడమటి గాలులు తగినంత ఎత్తు వరకు, తగినంత వేగంతో వీయాలి. భూమి నుంచి అంతరిక్షంలోకి వెళ్లే వేడి వికిరణం చదరపు మీటరుకు 200 వాట్లకన్నా తగ్గాలి. ఆకాశంలో దట్టమైన మబ్బు నిజంగా పరుచుకొని ఉందా అన్నది ఉపగ్రహం ద్వారా తెలుసుకొనే పద్ధతి ఇది. మూడూ కుదిరితేనే ప్రకటన. మీ ఖమ్మంలో మే మొదట్లో ఎంత పెద్ద వాన పడినా దాన్ని రుతుపవనం అనకపోవడానికి కారణం అదే.

ప్రశ్న: మే చివరి వానలకు పదును బాగుందని మూడెకరాల్లో పత్తి గింజలు పెట్టాను. జూన్‌లో చినుకు లేక మొలకల్లో సగం మాడిపోయాయి. రుతుపవనాలు వచ్చాయని చెప్పారు కదా, వచ్చిన వానలు ఎక్కడికి పోయాయి?
– పత్తి రైతు, ఆదిలాబాద్ జిల్లా

జవాబు: వాయుగుండం లాగితే వచ్చిన గాలి అది. ఆ గుండం కరిగిపోయాక లాగేవారు లేక నిలబడిపోయింది. మే నెలాఖరు నుంచి జూన్ మధ్య దాకా రుతుపవనాల ఉత్తర సరిహద్దు దాదాపు కదలలేదు. ఆ తరువాత మళ్లీ ఊపందుకొని, జూలై 8కి చేరవలసింది జూన్ 29కే దేశమంతా పరుచుకుంది. మొదలు చూసినా చివర చూసినా తొందరే కనిపిస్తుంది, మధ్యలో మీ చేను ఎండిన రెండు వారాలు మాత్రం ఆ తేదీల్లో ఎక్కడా కనిపించవు.

ప్రవేశం అన్న మాటను విత్తనానికి అనుమతిగా తీసుకోవడమే ఇక్కడ జరిగిన పొరపాటు. దీనికి మిమ్మల్ని ఒక్కరినే అనలేను, టీవీల్లో ఆ వార్త చెప్పిన తీరు కూడా అలాగే ఉంది. మొత్తం కలిపి కనీసం 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడి, నేల జానెడు లోతు దాకా తడిసిన తరువాతే వర్షాధారపు పత్తి పెట్టాలని వ్యవసాయ అధికారులు ఏటా చెబుతారు. వానమాపకం లేకపోతే గడ్డపార దింపి చూడండి. పై నాలుగు అంగుళాలు తడిగా ఉండి కింద పొడి మట్టి తగిలితే ఆ పదును విత్తనాన్ని మొలిపిస్తుంది గాని బతికించదు. పోయిన మొక్కల చోట ఇప్పుడు తడి ఉన్నప్పుడు మళ్లీ గింజలు పెట్టుకోవచ్చు. జూలై మూడో వారం దాటితే మాత్రం ఖాళీల్లో పత్తికి బదులు కంది వేసుకోవడం మేలు. మీ మండల వ్యవసాయ అధికారికి చేను చూపించి ఖాయం చేసుకోండి.

ప్రశ్న: మంచు కురిసే చలికాలంలో పడని వడగళ్లు మండే ఎండాకాలంలో ఎందుకు పడతాయి?
– ఎనిమిదో తరగతి విద్యార్థి, జగిత్యాల

జవాబు: వడగల్లు తయారయ్యేది నేల మీద కాదు, అయిదారు కిలోమీటర్ల పైన. అక్కడ మే నెలలో కూడా గడ్డకట్టే చలే ఉంటుంది. కింద నేల ఎంత కాగితే గాలి అంత జోరుగా పైకి లేచి, నీటి బిందువులను ఆ చలిలోకి ఎగరేస్తుంది. గడ్డకట్టిన బిందువు పడబోతే మళ్లీ పైకి లేపుతుంది, దాని మీద మరింత నీరు అతుక్కొని గడ్డ కడుతుంది. మోయలేనంత బరువయ్యాక వదిలేస్తుంది. చలికాలంలో మన దగ్గర అంత జోరుగా లేచే గాలి ఉండదు. ఈసారి పడినప్పుడు ఒకటి కోసి చూడు, ఉల్లిపాయలో ఉన్నట్టు పొరలు కనిపిస్తాయి. అయితే ఉరుములు పూర్తిగా ఆగిన తరువాతే బయటికి వెళ్లి ఏరుకోవాలి.

ప్రశ్న: థర్మామీటరులో 35 డిగ్రీలే ఉంటుంది, కాని 42 డిగ్రీల రోజుకన్నా ఎక్కువ అలసట. కుండలో నీళ్లు కూడా చల్లబడడం లేదు. కుండ మార్చాలా?
– గృహిణి, విజయవాడ

జవాబు: కుండ మార్చవద్దమ్మా, అది తన పని తాను చేస్తూనే ఉంది. మీ ప్రశ్నలోని రెండు సంగతులూ నిజానికి ఒకటే. మట్టికుండ గోడలోని సన్నని రంధ్రాల గుండా నీరు చెమరుస్తుంది. ఆ చెమ్మ ఆవిరి కావడానికి వేడి కావాలి, ఒక్క గ్రాము నీరు ఆవిరి కావడానికి దాదాపు 580 కెలోరీలు. ఆ వేడిని కుండలోని నీళ్ల నుంచే తీసుకుంటుంది, అందుకే నీళ్లు చల్లబడతాయి. మన ఒంటి మీద చెమట చేసేదీ ఇదే పని. గాలి పొడిగా ఉంటే రెండూ చురుకుగా సాగుతాయి, గాలిలో ఇప్పటికే తేమ నిండి ఉంటే చెమట ఆరదు, కుండ బయట తడి జారుతుంది తప్ప లోపల చల్లదనం రాదు.

ఎంత తేడానో చెబుతాను. థర్మామీటరు బుడ్డికి తడి గుడ్డ చుట్టి గాలికి పెడితే అది చూపే అంకె, చెమట మనల్ని ఎంతవరకు చల్లబరచగలదో చెబుతుంది. 42 డిగ్రీల ఎండ ఉండి తేమ 20 శాతమే ఉన్న రోజున ఆ అంకె 24 దగ్గర ఉంటుంది. 35 డిగ్రీలే ఉండి తేమ 70 శాతం ఉన్న రోజున అది 30కి చేరుతుంది. ఎండ ఏడు డిగ్రీలు తగ్గినా ఒంటికి ఉన్న వెసులుబాటు ఆరు డిగ్రీలు తగ్గిందన్నమాట. మీరు నీళ్ల కూలరు వాడుతున్నట్టయితే ఇలాంటి రోజుల్లో దాని నీటి పంపు కట్టేసి, కిటికీలు తెరిచి, గాలి మాత్రమే వాడుకోండి. మూసిన గదిలో కూలరు నడిపితే ఉన్న తేమకు మరింత తేమ చేరుతుంది. వాన వచ్చి వేసవి పోయిందని మజ్జిగ, ఉప్పు కలిపిన నీళ్లు మానేయడం ఈ కాలంలో చాలామంది చేసే పొరపాటు. మబ్బు చాటున కూడా ఒళ్లు ఉప్పు కోల్పోతూనే ఉంటుంది.

ప్రశ్న: మా ఊళ్లో 43 డిగ్రీలు నమోదైనా వడగాలులు ఉన్నట్టు ప్రకటించలేదు. విశాఖలో 39కే ప్రకటించారట. ఇదేమి న్యాయం?
– చిల్లర దుకాణదారు, రామగుండం

జవాబు: మైదాన ప్రాంతంలో కనీసం 40 డిగ్రీలు ఉండి, ఆ చోట ఆ రోజుకు మామూలుగా ఉండే ఉష్ణోగ్రతకన్నా 4.5 డిగ్రీలు పెరిగితే వడగాలి అంటారు. తీరంలో ఆ కనీస హద్దు 37. మామూలుతో నిమిత్తం లేకుండా 45 దాటితే ఎక్కడైనా వడగాలే. మీ ఊళ్లో మే నెలలో 42 మామూలు, కాబట్టి 43 పెరుగుదల కింద రాదు. శాస్త్రం ప్రకారం ఇది సబబే, అక్కడి జనం కొంత అలవాటు పడి ఉంటారన్నది దీని ఆధారం. కాని ఎండలో బండరాళ్లు మోసే మనిషి ఒంటికి సగటుతో పని లేదు, అందుచేత మీ ప్రశ్నను నేను కొట్టిపారేయను. 2015 మే నెలలో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యిమందికి పైగా వడదెబ్బకు పోయారు, వారిలో ఎక్కువమంది కూలి పని ఆపలేనివారూ వృద్ధులూ.

ప్రశ్న: మా చిన్నతనంలో వేసవి ఎంతో పొడుగ్గా ఉండేది. ఇప్పుడు ఉగాది అయిందనేలోపు బడులు తెరుస్తున్నారు. కాలం నిజంగా తగ్గిందా?
– పాఠకురాలు, తెనాలి

జవాబు: మీరు అడిగినది వాతావరణం గురించి కాదని నాకు అనిపిస్తోంది. ఏడేళ్ల పిల్లకు యాభై రోజుల సెలవులంటే తన బతుకులో పెద్ద ముక్క. అరవై ఏళ్ల మనిషికి అది మూడు గ్యాస్ బండల లెక్క కూడా కాదు. అమ్మమ్మ ఇంట్లో మధ్యాహ్నాలు ఎందుకు అంత పొడుగ్గా ఉండేవో నాకు తెలుసు: తలుపులు మూసి, వట్టివేళ్ల తడకల మీద నీళ్లు చల్లి, పిల్లలను బలవంతంగా పడుకోబెట్టి, కదిలితే కసిరేవారు. నిద్ర పట్టని పిల్ల గడియారం వంక చూస్తూ పడుకుంటే ఒక్కొక్క గంట ఒక్కొక్క పూటంత సాగేది.

థర్మామీటరు చెప్పేది మాత్రం మరోలా ఉంది. 1901 నుంచి చూస్తే మన దేశానికి అత్యంత వెచ్చని సంవత్సరం 2024. మీ చిన్ననాటి వేసవి ఇప్పటికన్నా ఎక్కువ వేడిగా ఉండేదని సగటు లెక్కలు చెప్పడం లేదు. ఫ్యాను లేని ఇంట్లో, చెట్టు నీడలో, ఆరుబయట మంచాల మీద దాన్ని మీరు ఒంటితో అనుభవించారు, అంతే. ఆరుబయట పడుకొనే అలవాటు పోయాక మనకు వేసవి రాత్రి అన్నదే లేకుండా పోయింది.

ప్రశ్న: ఈసారి బంగినపల్లి పండు పైకి బాగానే ఉండి లోపల నల్లబడింది. వానలే కారణమా? తోతాపురికి ధర లేకపోవడం కూడా వానల వల్లేనా?
– పండ్ల వ్యాపారి, నంద్యాల

జవాబు: మొదటిదానికి చాలావరకు అవును. కాయ ముదిరే వేళ పడిన వానకు మచ్చ తెగులు శిలీంధ్రం తొక్క మీద నిద్రాణంగా చేరి, మాగేటప్పుడు బయటపడుతుంది; తడికి పండు ఈగ కూడా పెరుగుతుంది. రెండోది వేరు కథ. చిత్తూరు తోతాపురి గుజ్జు పరిశ్రమకు వెళ్లే పంట. ఈ ఏడు కాయ విరివిగా వచ్చి, కొనేవారి దగ్గర పాత గుజ్జు నిల్వలు మిగిలి ఉండడంతో ధర పడిపోయింది. ప్రభుత్వం కిలోకు 12 రూపాయలుగా నిర్ణయించి అందులో 4 రూపాయలు తాను ఇస్తానన్నది అందుకే. అన్ని నష్టాలనూ వాన ఖాతాలో రాసుకోకూడదు.

ప్రశ్న: మే రెండో వారంలో మాగాయ పెట్టాను. రెండు రోజులు ఎండ పెట్టేసరికి మబ్బులు. ముక్క మెత్తగా ఉంది, ఊట మీద తెల్లని పొర తేలింది. ఆవకాయ మాత్రం బాగుంది. మాగాయను బాగు చేసుకొనే దారి ఉందా?
– పాఠకురాలు, ఏలూరు

జవాబు: ఆవకాయ బాగుండడానికి కారణం అది ఎండ మీద కన్నా పొడి గుడ్డ మీద ఎక్కువ ఆధారపడడం. ముక్క కొట్టిన తరువాత టెంకకు అంటిన జీడి పొర తీసి, ఒక్కొక్క ముక్కనూ తుడిచి, ఉప్పు, ఆవపిండి, కారం, నూనెలో ముంచేస్తాం. మూడో రోజు తిరగకలిపి నూనె పైకి తేలేలా చూసుకుంటే గాలి సోకదు. మాగాయకు ఎండ ముఖ్యమైన దినుసు. ఉప్పు, పసుపు వేసి మూడు రోజులు ఊరబెట్టి పిండిన ముక్కలు చాప మీద గలగలలాడేలా ఎండాలి, ఊటను కూడా విడిగా ఎండలో పెట్టి చిక్కబరచాలి. మీకు ఆ ఎండబెట్టే పనే సగంలో ఆగింది.

తెల్లని పొర పలచగా, చదునుగా ఉండి, వాసన పుల్లగానే ఉంటే అది పులుపులో పెరిగే ఒక రకం ఈస్టు కావచ్చు. అయినా ఆ ఊట వాడవద్దనే చెబుతాను, ఎందుకంటే పైకి కనిపించేది తీసేసినంత మాత్రాన కిందిది శుభ్రమైనట్టు కాదు. నూగుగా ఉండి, ఆకుపచ్చగానో నల్లగానో మచ్చలు కట్టినా, ముక్క జారుడుగా ఉన్నా జాడీ మొత్తం పారేయడమే మంచిది. నా ఇంట్లో కూడా ఈ ఏడు ఒక చిన్న జాడీ అలాగే పోయింది. పోయిన దానికన్నా, పక్కింటి వాళ్లు ఏప్రిల్‌లోనే పెట్టుకున్నారన్నది ఎక్కువ బాధ పెట్టింది.

వచ్చే ఏడు పుల్లని గట్టి కాయ దొరకడం మొదలైన ఏప్రిల్‌లోనే మాగాయ పెట్టుకొని, ఆవకాయను మే నెలకు వదిలేయండి. ఎండ మధ్యలో తప్పిపోతే ముక్కలను పలచగా పరిచి ఫ్యాను కింద రాత్రంతా ఉంచి, మరునాడు వేడి చేసి ఆర్పిన ఓవెన్‌లో తలుపు కాస్త తెరిచి పెట్టి ఆరబెట్టవచ్చు. రంగు కొంచెం ముదురుతుంది, రుచి పోదు. ఊటను మాత్రం అడుగు మందంగా ఉన్న స్టీలు గిన్నెలో సన్నని సెగ మీద మరిగించి, పూర్తిగా చల్లారిన తరువాతే ముక్కలు అందులో వేయాలి.